శుక్రవారం చెల్లెలు

మా పిన్నికి ఇరవై రెండేళ్లప్పుడు చర్చి సంఘం వాళ్లు ఆమెను రెండేళ్ల సేవకు విదేశం పంపించారు. అమ్మ చెల్లెళ్లలో ఆఖరిది, ఇంటిల్లిపాదిలోకీ నోరున్నది. సీటు విషయంలో బస్సు కండక్టరుతో తగువేసుకుని ఇంటికొచ్చిన రోజునే పాస్టరుగారు వచ్చి ఈ మాట చెప్పారట. తాతయ్య ఆసుపత్రిలో కాంపౌండరు. మాటలు కూడా మందు కొలిచినట్టు కొలిచి మాట్లాడేవాడు.

"దీన్నా? అక్కడివాళ్లు ఏం పాపం చేశారండీ?" అన్నాడట.

పాస్టరుగారు పకపకా నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు పిన్నికి యాభై దాటాయి. బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. సెలవు దొరికినప్పుడు మా ఇంటికొచ్చి, చేతులు ఊరుకోక, ఆరిన బట్టలు మడతపెడుతూ ఆ రెండేళ్ల ముచ్చట్లు చెబుతుంది. పదిసార్లు అడిగి చెప్పించుకున్నవే అన్నీ. అయినా నాకు తనివి తీరదు, ఆమెకు విసుగు రాదు.

అక్కడ ఆమెకిచ్చిన గది సైకిల్ రిపేరు షాపు పైన. రెండు ఇనప మంచాలు, ఒక బల్ల, సరిగ్గా మూసుకోని కిటికీ. పక్కనే ఆదివారం కూడిక జరిగే హాలు. కింద సుత్తి దెబ్బ పడితే పైన గ్లాసులు గలగలలాడేవి. ఆ గదిలో ఆమెకు తోడు వేరే దేశం నుంచి వచ్చిన ఇంకో సేవకురాలు. మూడేళ్లు పెద్దది, గుమ్మం పైకమ్మి తలకు తగిలేంత పొడుగు. పిన్ని ఆమెను పొడుగక్క అనేది.

"మా ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ ఊరి భాష ఒక్కటే. అదీ ఇద్దరికీ సరిగా రాదు," అంటుంది పిన్ని. "కొట్టుకోవాలన్నా ముందు మాటలు వెతుక్కోవాలి. దొరికేసరికి కోపం పోయేది."

సోమవారం విశ్రాంతి. అంటే బట్టలుతుక్కోవడం, గది కడుక్కోవడం. తర్వాత రెండు రోజులు ఇంటింటికీ తిరగాలి. గురువారం చుట్టుపక్కల పిల్లలకు పాటలు నేర్పాలి. శుక్రవారం వృద్ధాశ్రమం. శనివారం హాలు ఊడ్చి కుర్చీలు వెయ్యాలి. ఆదివారం ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్ల కోసం మెట్ల వైపు చూడాలి.

ఇంటింటి పనిలో మొదటి నెలంతా నవ్వులపాలే. తలుపు తీసిన ప్రతివారితో "మీకొక మంచి వార్త తెచ్చామండీ" అనాలి. ఆ భాషలో వార్తకూ సబ్బుకూ ఒక్క అక్షరమే తేడా. పిన్ని ఏమో నోరారా "మీకొక మంచి సబ్బు తెచ్చామండీ" అంటూ వీధులన్నీ తిరిగింది. చివరికి ఒకావిడ చెయ్యి చాపి, "ఏదీ, వాసన చూడనీ," అంది. పొడుగక్కకు అప్పుడు అర్థమైంది. మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఎప్పుడూ మొహం బిగించుకుని ఉండే మనిషి నవ్వడం పిన్ని చూడటం అదే మొదలు.

కానీ ఎక్కువ తలుపులు తెరుచుకునేవి కావు. తెరిచినవాళ్లు చలికి మళ్లీ మూసేసేవాళ్లు. ఆదివారం హాలు నిండా కుర్చీలు వేస్తే మొదటి వరస కూడా నిండేది కాదు. "కొన్ని తీసేద్దాం అక్కా, చూడ్డానికి బాగోలేదు," అంటే పొడుగక్క ఒప్పుకునేది కాదు. ఇంటి దగ్గరున్నప్పుడు పిన్నికి భక్తి అంటే ప్రత్యేకంగా తలచుకోవలసిన సంగతి కాదు. పొద్దున అమ్మమ్మ ప్రార్థన చెవిలో పడుతుండగానే మెలకువ వచ్చేది, అంతే. అక్కడ పొద్దున లేచి, వణుకుతూ, తన భక్తి తనే వెతుక్కోవలసి వచ్చింది.

మొదటి శుక్రవారం వృద్ధాశ్రమానికి వెళ్లారు. పొడుగాటి వసారా, ఫినాయిలు వాసన, గోడ పొడవునా కుర్చీల్లో ముసలివాళ్లు. కిటికీ దగ్గర శాలువా కప్పుకుని కూర్చున్న పెద్దావిడ పిన్నిని చూస్తూనే చెయ్యి పట్టుకుంది.

"వచ్చావా? ఇంతసేపా? ఏమన్నా తిన్నావా లేదా?"

పిన్ని తెల్లబోయింది. పక్కన టోపీ చేతిలో పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఆవిడ భర్త, రిటైరైన బస్సు డ్రైవరు.

"ఏమనుకోకమ్మా. నిన్ను వాళ్ల చెల్లెలనుకుంటోంది," అన్నాడు నెమ్మదిగా. "ఆ పిల్ల పోయి చాలా ఏళ్లయింది. ఈవిడకి నేనెవరో కూడా గుర్తు లేదు. చెల్లెలు మాత్రం గుర్తుంది."

ఆ రోజు పిన్ని అవుననలేదు, కాదనలేదు. పెద్దావిడ దువ్వెన ఇస్తే తల దువ్వి, జడ వేసి వచ్చింది. దారిలో పొడుగక్క నిలదీసింది.

"నువ్వు ఆమె చెల్లెలివి కావు. ఆ మాట చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? సంతోషంగా ఉందిగా."

"మనం వచ్చింది సత్యం చెప్పడానికి. అబద్ధం చెప్పి ప్రేమించడం ఏం ప్రేమ?"

ఆ మాట పిన్ని మనసులో ముల్లులా ఉండిపోయింది. కొన్ని వారాలు ఊగిసలాడి, ఒక శుక్రవారం ధైర్యం చేసి పెద్దావిడ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నేను మీ చెల్లెల్ని కాదండీ. దూరం నుంచి వచ్చిన సేవకురాల్ని," అంది.

పెద్దావిడ శాలువా పక్కకు తోసేసింది.

"అయితే మా చెల్లెలేదీ?"

లేచింది. మంచం కింద చూసింది. బీరువా తీసి బట్టలన్నీ కింద పడేసింది. వసారాలో ప్రతి కుర్చీ దగ్గరకూ వెళ్లి, "మా చెల్లెల్ని చూశారా?" అని అడిగింది. ఆయాలు వచ్చి పట్టుకునేదాకా ఆగలేదు. డ్రైవరు తాత కిందపడ్డ బట్టలు ఒక్కొక్కటే ఏరుకున్నాడు.

మర్నాడు హాల్లో కుర్చీలు వేస్తూ వేస్తూ పిన్ని ఒక కుర్చీలో కూలబడింది. "సత్యం చెప్పానక్కా. ఎవరికి మేలు జరిగింది? నేను ఇంటికెళ్లిపోతాను," అని భోరుమంది. పొడుగక్క చేతిలో గుడ్డతో ఒకే కుర్చీని తుడుస్తూనే ఉండిపోయింది.

తర్వాతి శుక్రవారం పిన్ని కాళ్లీడ్చుకుంటూ వెళ్లింది. పెద్దావిడ తలెత్తి చూసింది.

"వచ్చావా? ఇంతసేపా? ఇదిగో, జడ వెయ్యి. పోయినసారి గట్టిగా లాగావు, తల నొప్పెట్టింది."

అంతా మరిచిపోయింది, ఒక్క ఆ జడ నొప్పి తప్ప. పిన్ని దువ్వెన అందుకుంది.

"మాట్లాడవేమే?"

"దువ్వుతున్నా కదక్కా," అంది పిన్ని. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

గుమ్మంలో ఉన్న పొడుగక్క విన్నది. లోపలికి వచ్చింది. పెద్దావిడ ఆమెను ఎగాదిగా చూసి, "ఈ తాటిచెట్టెవరే?" అని అడిగింది. పొడుగక్క వంగి, "నేను మీ చెల్లెలి స్నేహితురాల్నండీ," అని చెప్పి, స్టూలు లాక్కుని కూర్చుని పండు ఒలిచి పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు వేలు చూపించి, "నేను అబద్ధం చెప్పలేదు, గుర్తుపెట్టుకో," అంది. నడిరోడ్డు మీద ఇద్దరూ ఒకళ్ల భుజం ఒకళ్లు పట్టుకుని నవ్వుకున్నారు.

ఆ చలికాలమంతా శుక్రవారాలు అలాగే గడిచాయి. జడ వెయ్యడం, తిట్లు తినడం, చిన్నప్పుడు ఎప్పుడో పోట్లాడుకున్న బొమ్మ గురించి మళ్లీ పోట్లాడటం. పిన్ని బైబిలు వాక్యం చెప్పిన రోజులు తక్కువ. పాట మాత్రం పాడేది. పెద్దావిడ గొంతు కలిపేది.

చలి తగ్గుముఖం పడుతున్నప్పుడు ఒక గురువారం, పిల్లలు పాట పాడుతుండగా డ్రైవరు తాత మెట్లెక్కి వచ్చాడు. టోపీ తీసి రెండు చేతులతో నలుపుతూ నిలబడ్డాడు. చెప్పక ముందే పిన్నికి అర్థమైంది.

"నాకు దేవుడి మీద నమ్మకం లేదమ్మా. ఆవిడకుండేది. సమాధి దగ్గర నువ్వొక ప్రార్థన చెయ్యాలి. చెల్లెలు లేకుండా ఎలా పంపను?"

పొడుగక్క సాయంతో ఆ భాషలో ప్రార్థన కూర్చుకుని, బట్టీపట్టింది పిన్ని. తీరా సమాధి దగ్గర నిలబడితే ఒక్క ముక్క గుర్తు రాలేదు. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. కళ్లు మూసుకుని తన భాషలోనే మొదలుపెట్టేసింది.

"ప్రభువా, ఈవిడ వస్తోంది. ఎవరో తెలియకపోతే కంగారుపడుతుంది, ముందే నీ పేరు చెప్పు. జడ వదులుగా వెయ్యమను. తిన్నావా అని అడుగుతుంది, తిన్నానని చెప్పు. వాళ్ల చెల్లెల్ని కాస్త ఎదురు పంపించు."

అయ్యాక డ్రైవరు తాత దగ్గరకు వచ్చి ఏం చెప్పావని అడిగాడు. పిన్ని వచ్చీరాని మాటల్లో చెప్పింది. ఆయన చాలాసేపు తలాడించాడు. "జడ సంగతి చెప్పావు, మంచి పని చేశావు," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"తర్వాత ఆదివారం కూడికకి వచ్చాడా పిన్నీ?" అని నేను ప్రతిసారీ అడుగుతాను.

"రాలేదే. ఒక్కసారీ రాలేదు. కానీ సోమవారాలు మా ఇద్దర్నీ బస్సెక్కించి ఊరు చూపించేవాడు. వెనక సీట్లో కూర్చుని బ్రేకు ఎక్కడ వెయ్యాలో డ్రైవరుకి కేకలేసి చెప్పేవాడు. మా పరువు పోయేదనుకో!"

రెండేళ్లూ నిండి ఇంటికొచ్చాక సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. ఎంతమంది మారుమనసు పొందారని ఒక పెద్దమనిషి అడిగాడు. పిన్ని శుక్రవారాల గురించి చెప్పి కూర్చుంది. కొందరు పెదవి విరిచారు. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంటికొచ్చాక తాతయ్య, "దీని నోరు తగ్గింది. అక్కడివాళ్లకి ఋణపడి ఉన్నాం," అన్నాడట.

తర్వాత పిన్ని మళ్లీ సేవకు వెళ్లలేదు. పెళ్లి, పిల్లలు, ఉద్యోగం. పొడుగక్క మాత్రం ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఆ ఊరి భాషే గతి. వాడుక లేక అదీ జారిపోతోంది. మొన్న మా ఇంట్లో ఉండగానే ఫోన్ వచ్చింది. తెర మీద తల నెరిసిన పొడుగాటి మనిషి. ఇద్దరూ సగం సగం మాటలు అంటూ, మిగతా సగం చేతులతో చూపిస్తూ, మధ్యమధ్య పాత పాట ఒకటి కూనిరాగం తీస్తూ చాలాసేపు నవ్వుకున్నారు. ఫోన్ పెట్టేశాక పిన్ని కళ్లు తుడుచుకుని మళ్లీ బట్టల మడతలో పడింది.

"ఏం మాట్లాడుకున్నారు?" అన్నాను.

"ఏమోనే, సగం అర్థం కాలేదు. దానికి మోకాళ్ల నొప్పులట. అది మాత్రం అర్థమైంది," అంది.