అత్త తమేన్ ఆరేసిన ఈటె

నిన్న పొద్దున కరెంటు వచ్చింది. ఫోన్ ఆన్ అవగానే మెసేజ్. "మావయ్య పోయాడు, వచ్చేయ్."

ఏ మావయ్య అనుకున్నాను ఒక్క క్షణం. నాకున్నది ఒక్కడే అయినా.

మా అమ్మ తమ్ముడు. ఇక్కడ బర్మాలో, పజుండౌంగ్ పేటలో ఉండే సింహాచలం మావయ్య.

మొన్ననే ఫోన్ చేసి "ఏటే గుంటా, మొకమే సూపించట్లేదు" అన్నాడు. ఆదివారం పులుసు పట్టుకొస్తానన్నాను. చిమిండైంగ్ బజారులో చేప కూడా చెప్పి పెట్టాను.

మీలో చాలామందికి ఆయన "జపాన్ మావయ్య"గానే తెలుసు.

ఓడలో ఇంజిన్ రూమ్ పని. జపాన్ రేవుల్లో దిగితే తోటివాళ్ళు సెకండ్ హ్యాండ్ టీవీలు కొనుక్కొచ్చేవారు. మావయ్య పాత సామాన్ల సంతలు తిరిగి, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అక్కడి మామూలు జనానికి పంచిన ఆయుధాలు తెచ్చేవాడు.

ఇనుము కరువై మట్టితో చేసి కాల్చిన గ్రెనేడ్లు, లోపల ఖాళీవి. చేతికి కట్టుకునే గుడ్డ పట్టీ. డ్రిల్లు చేయించే చెక్క తుపాకీ. అన్నీ ముందు గదిలో అద్దాల బీరువాలో ఉండేవి. ఒక్కోదాని పక్కన ఒక కార్డు, బర్మీస్‌లో, తెలుగులో.

"జపానోళ్ళ సామాన్లు మనింట్లో ఎందుకు మావయ్యా, ఆ యుద్ధంలో మన తాతలు ఇక్కడ వాళ్ళ చేతిలో పడిన బాధ చాలదా" అని అడిగాను ఒకసారి.

"సిపాయిల కత్తులు అందరూ దాసుకుంటారే. ఇయి ముసిలోళ్ళకీ ఆడపిల్లలకీ ఇచ్చినవి. మట్టి ముంత సేతిలో పెట్టి యుద్ధానికి ఎల్లమంటే ఆళ్ళ పేణం ఎలాగుంటాది? ఒక్కపాలి ఆలోసించు" అన్నాడు.

ఆయన ప్రాణం మాత్రం వెదురు ఈటె మీద ఉండేది. కొన మంటలో కాల్చి గట్టిపరిచిన పొడుగాటి కర్ర.

దాన్ని రేవులో దించినప్పుడు కస్టమ్స్ ఆయన పడీ పడీ నవ్వాడట, బర్మాకి వెదురు తెచ్చిన మనిషిని ఇప్పుడే చూస్తున్నానని.

మావయ్య దాన్ని ఇంటికి తెచ్చి మూలన నిలబెట్టి, అలసిపోయి పడుకున్నాడు. లేచి చూస్తే ఈటె లేదు.

బాల్కనీలో ఉంది. అడ్డంగా కట్టి ఉంది. దాని మీద పైడమ్మత్త తమేన్, ఆకుపచ్చ పూల లుంగీ, నీళ్ళు కారుతూ.

"నానేటి తప్పు సేసినాను? ఎదురు కర్రే కదేటి. బాగా ఎండిపోనాది, దండేనికి పనికొస్తాదని కట్టినాను. ఓడలెక్కి ఊరేగడమే గానీ ఒక్కనాడు బట్టలారేసిన పాపాన పోనావేటి నువ్వు" అంది అత్త.

అప్పుడు అక్కడే ఉన్న నేను, మావయ్య కోప్పడతాడని భయపడ్డాను. ఆయన నవ్వుతూ నేల మీద కూలబడ్డాడు.

ఆ తర్వాత ఈటెని ముందు గదిలోనే, గుమ్మం దాటగానే అడ్డంగా రెండు కొక్కేలకి వేలాడదీశాడు. వానాకాలమంతా అత్త దాని మీదే బట్టలారేసేది.

ఆడవాళ్ళు కట్టిన తమేన్ కింద నుంచి నడిస్తే మగవాడి మహిమ పోతుందని ఇక్కడి వాళ్ళ నమ్మకం. కింద టీ కొట్టు ఊ సోవిన్, మావయ్యకి ప్రాణ స్నేహితుడు, గుమ్మంలోనే నిలబడి కబుర్లు చెప్పేవాడు. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు.

అత్త పోయింది.

ఆఖరిసారి ఆరేసిన తమేన్ అలాగే ఉండిపోయింది. మావయ్య తీయలేదు, తీయనివ్వలేదు.

ఎవరో కుర్రాడు ఎగ్జిబిషన్ పెడుతున్నానని వచ్చి, ఆ గుడ్డ తీస్తే ఈటెని ఫొటో తీసుకుంటానన్నాడు. "అయితే ఫొటో వద్దులే బాబూ, టీ తాగి ఎల్లు" అన్నాడు మావయ్య.

బీరువాలో అన్నిటికీ కార్డులున్నాయి. ఆ తమేన్‌కి లేదు.

వెళ్ళినప్పుడల్లా నాతో ఒకటే మాట. "నాను పోతే మీద ఆ తమేన్ కప్పించాల. పూచీ నీదే గుంటా." పిల్లల్లేని వాళ్ళిద్దరికీ నేనే కూతుర్ని. సరేనన్నాను.

నిన్న పాడె సిద్ధమయ్యాక తమేన్ తీద్దామని వెళ్ళి ఆగిపోయాను.

మోసేవాళ్ళలో మన తెలుగువాళ్ళు తక్కువ. మిగతా అంతా వీధిలోని బర్మా కుర్రాళ్ళు. ఆ తమేన్ కప్పితే పాడె ముట్టుకుంటారా? అడగలేను. కప్పకపోతే మావయ్య మాట పోతుంది. ఈటె కింద నిలబడి ఏడ్చాను.

గుమ్మంలో ఊ సోవిన్ నన్ను చూశాడు. పైకి చూశాడు. ఆ తమేన్ సంగతి మావయ్య ఆయనకీ చెప్పే ఉంటాడు.

చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. తమేన్‌ని రెండు చేతులతో దించాడు. దుమ్ము దులిపాడు. మావయ్య మీద పరిచి, అంచులు సర్దాడు.

"పదండి, డా పైడమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది" అన్నాడు బర్మీస్‌లో, అత్తని ఎప్పట్లాగే 'డా' అని గౌరవంగా పిలుస్తూ.

పాడె ముందు కొమ్ము ఆయనే పట్టాడు. కుర్రాళ్ళు వెనకే భుజం పట్టారు.

ఈటె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఇవాళ పొద్దున నా తమేన్ దాని మీదే ఆరేశాను. ఫోన్ మోగితే "ఏటే గుంటా" అంటావేమో అని ఇంకా అనిపిస్తోంది మావయ్యా.

పులుసు పెట్టాను. ఒక ముద్ద నీ పేరున తీసి పెట్టాను.

వెళ్ళిరా మావయ్యా. అత్త పక్కన చల్లగా, నిమ్మళంగా ఉండు. అక్కడైనా బట్టలు నువ్వే ఆరెయ్యి.