సైలెన్సర్ తీయించిన చలికాలం

చిన్నకోడూరు దిక్కు పల్లెల నుంచి సిద్దిపేట మార్కెట్‌కు రోజూ పొద్దు పొడవకముందే కూరగాయలు తీసుకుపోయే పికప్ బండి నాది. నడిపేది కూడా నేనే. అయినా నన్ను డ్రైవర్ అని ఎవరూ అనరు, అననివ్వను కూడా. మా తాత కాలంలో ఆ దిక్కున ఎటు చూసినా మా పొలాలే. ఇప్పుడు నాకున్నది కోమటిచెరువు అవతల రెండు గదుల కిరాయి ఇల్లు, ఈ బండి. ఆస్తి ఎట్లా పోయిందో ఇక్కడ రాయను. అది అందరికీ తెలిసిందే. పోయిన తర్వాత ఎవరి ముందూ నడుము వంచకుండా బతకడం మాత్రం నా ఒక్కడి పని.

బండిలో నా పక్కన ఇంకో సీటుంది. చాలాకాలం దాంట్లో ఎవరినీ కూర్చోబెట్టుకోలేదు. రైతులు వెనక తొట్టిలో టమాటా పెట్టెల నడుమ కూర్చునేవాళ్లు. మా బాపు జీపులోనూ అంతే, ఆయన పక్కన ఎప్పుడూ ఖాళీయే. ఒక వానాకాలం పొద్దున ఆకుకూరలమ్మే ముసలామె ఒకతె తడిసి వణుకుతుంటే ముందు తలుపు తీశాను. పుంటికూర గంపను కాళ్ల నడుమ పెట్టుకుని ఎక్కింది. తెల్లారి వాన లేదు. అయినా వచ్చి ముందు తలుపు దగ్గరే నిలబడింది. మళ్లీ తలుపు తీశాను. ఇక అది ఆమె సీటైంది.

ఆమె ఆగకుండా మాట్లాడేది. భీవండిలో మగ్గం నేసే అల్లుడి సంగతి, కోడలు పప్పులో ఉప్పు మరిచిన సంగతి, పక్కింటోళ్ల మేక తన కొత్తిమీర మడిలో పడ్డ సంగతి. "ఆ మేక నన్ను సూసి ఉరుకదు పటేలా, నన్నే సుట్టపుదాన్ని సూసినట్టు సూస్తది" అనేది. నేను ఊఁ అనేవాణ్ని, అంతకుమించి ఏమీ లేదు. మార్కెట్‌లో దిగిపోయాక మళ్లీ మరునాటి పొద్దుదాకా నాతో పనిలేకుండా మాట్లాడే మనిషి ఎవరూ ఉండరన్న సంగతి అప్పట్లో నా లెక్కలోకి రాలేదు.

బండి పాతబడింది. టర్బో డీజిల్ ఇంజిన్ అని పేరే గానీ, నిండు లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడి నల్లటి పొగ వదిలేది. ఒకరోజు సరుకుల ఆటో ఒకటి నన్ను దాటిపోతూ పక్కన నెమ్మదించింది. దాని డ్రైవర్ తల బయటపెట్టి, "పటేలా, దిగి తోయాల్నా?" అన్నాడు. వెనక ఉన్నవాళ్లు నవ్వారు. నా పక్కనున్న ముసలామె కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ రోజే కరీంనగర్ రోడ్డు మీదున్న షెడ్డుకు తీసుకుపోయాను. మెకానిక్ బానెట్ ఎత్తి, బీడీ పారేసి, లోపలికి వంగాడు.

"ఇంజిన్‌కు ఏం రోగం లేదు పటేల్ సాబ్. గాలి చాలుతలేదు, పొగ ఎల్తలేదు. ముక్కు మూసి, మూతి కట్టి ఉరుకుమంటే మీరు ఉరుకుతరా?"

"నా సంగతి వద్దు. బండి సంగతి చెప్పు."

ఇరుకు గొట్టమున్న పాత ఫిల్టర్ డబ్బా తీసేసి వెడల్పు పైపు, కడిగి మళ్లీ వాడుకునే ఫిల్టర్ పెడతానన్నాడు. ఇంజిన్ వేడి తగలకుండా రేకు అడ్డం కట్టి, బంపర్ వెనక నుంచి చల్లగాలి లాగిస్తానన్నాడు. టర్బో దగ్గర నుంచి తోకదాకా లావు గొట్టం వేసి, మధ్యలో సైలెన్సర్ తీసేస్తే టర్బో తొందరగా తిరిగి బండి గుంజుతుందన్నాడు.

"సప్పుడు అయితది మల్ల."

"ఎంత?"

"మీరు వస్తున్నరని ఊరంతటికీ ఎర్కైతది."

ఆ మాటతో ఒప్పుకున్నాను. మా బాపు జీపు మలుపు దగ్గర వినపడగానే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవాళ్లు. ఎవరూ లెమ్మనలేదు. చప్పుడుకే లేచేవాళ్లు.

మరునాడు బండి నిజంగానే గుంజింది. కాలు ఆనించగానే టర్బో సన్నగా ఈల వేసి, వెనకనుంచి ఎవరో తోసినట్టు ఎత్తు ఎక్కింది. ఊళ్లోకి వస్తుంటే హోటల్ ముందు బల్ల మీద చాయ్ తాగేవాళ్లంతా ఒక్కసారి లేచి రోడ్డు మీదికి వచ్చారు. ఒకాయన భుజం మీది తువ్వాల కూడా చేతిలోకి తీసుకున్నాడు. నేను గేరు తగ్గించి నెమ్మదిగా ముందుకు పోనిచ్చాను.

"ఓ, మీరా పటేలా!" అన్నాడు తువ్వాల ఆయన. "వరికోత మిషన్ వచ్చిందనుకుంటిమి. రెండు దినాల సంది దానికోసమే సూస్తున్నం."

"కోత మిషన్ కూడా గింత మొత్తుకోదు" అని ఇంకొకడు. అందరూ మళ్లీ కూర్చున్నారు. నేను దిగి పెట్టెలు ఎక్కించుకున్నాను.

ముసలామె ఎక్కింది. టాప్ గేర్ వేశాక కాళ్ల కింద రేకు మోగడం మొదలైంది. ఒకే తీరు గుమ్మని, చెవుల్లో దూది కుక్కినట్టు. ఆమె పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. పటేలు ముందు గొంతు పెంచడం ఆమెకు అలవాటు లేదు. ఏమన్నావని మళ్లీ అడగడం మా ఇంట్లో లేదు. ఎదుటివాడి మాట అందకపోతే బాపు తల ఊపేవాడు, చెప్పినవాడు వెళ్లిపోయేవాడు. నేనూ తల ఊపాను. రెండు రోజులు అట్లాగే ఊపాను. మూడోరోజు ఆమె ఏదో అడిగి నా మొహంలోకి చూసింది. ఊపాను. ఆమె కిటికీ వైపు తిరిగింది, సిద్దిపేట వచ్చేదాకా తిరగలేదు.

తెల్లారి ఆమె లేదు. చౌరస్తా దాటాక ముందు ఒక ఆటో కనిపించింది, అందులో ఆమె. చేతులు తిప్పుకుంటూ ఏదో చెబుతోంది, పక్కవాళ్లు విరగబడి నవ్వుతున్నారు. నేను ఆటోను దాటి వెళ్లాను. ఎంతసేపు పట్టింది గనుక! ఎక్కిన ఎత్తల్లా సునాయాసంగా ఎక్కాను. మార్కెట్‌కు అందరికంటే ముందు చేరి, స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. ఆ చలికాలమంతా అదే వరస.

చివరికి మళ్లీ షెడ్డుకు పోయాను. పోలీసులు ఆపుతున్నారని చెప్పాను. నన్ను ఏ పోలీసూ ఆపలేదు.

"పాత సైలెన్సర్ ఇనుప సామాన్ల పోయింది సాబ్. వేరే బండిది అతికిస్త. గాలి పైపు ఉండనీయాల్నా?"

"ఉండనీ."

బండి నోరు మూసుకుంది. మరునాడు చౌరస్తాలో ఆటో పక్కన ఆపి కిందికి దిగాను. ఎవరినైనా నా బండిలో కూర్చోమని అడగడం అదే మొదలు. ఆమెను ఏమని పిలవాలో తెలియదు. ఇన్నాళ్లలో ఒక్క పిలుపూ పిలవలేదు.

"అవ్వా" అన్నాను. "సప్పుడు తీయించిన. ముందల కూసో."

ఆమె ఆటోలో నుంచే చూసింది. "నా ముచ్చట్లు మీకు బరువైతున్నయా, ఆటోల పోవాల్నా అని అడిగితి గద పటేలా. మీరే తల ఊపిన్రు."

"నాకు వినపడలే."

"వినపడకుంటే ఏందే అనొద్దా?" అని నవ్వింది. లోపల ఉన్నవాళ్లూ నవ్వారు. "ఇగ ఈడ అలవాటైంది. వీళ్లంత ఎదురుసూస్తరు. మీరు ఏం అనుకోకుంటే గంప తీసుకపోండ్రి, దీంట్ల జాగ లేదు."

గంప తీసుకుని ముందు సీట్లో పెట్టాను. దారంతా క్యాబిన్‌లో తడి కొత్తిమీర వాసన, ఎవరైనా మాట్లాడితే ప్రతి మాటా వినపడేంత నిశ్శబ్దం. మార్కెట్‌లో ఆమె కూర్చునే చోట గంప దింపి పక్కన నిలబడ్డాను. ఒకామె వచ్చి, "పుంటికూర ఎట్లిస్తున్నవ్?" అంది. నన్ను ఏకవచనంలో అడిగినవాళ్లు అంతకుముందు లేరు. "ఆమె వస్తది, ఆగు" అన్నాను. ఆగింది.

ఇప్పుడు రోజూ గంప నా బండిలో వస్తుంది. ఆటో వచ్చేదాకా అక్కడే నిలబడతాను. ఆమె దిగి, గోనెపట్టా పరిచి, కూర మీద నీళ్లు చల్లుతూ, "తిన్నరా పటేలా?" అంటుంది. తిన్న అంటాను. ఇంకేదైనా చెబుదామనుకునేలోపు కొనేవాళ్లు ముసురుతారు. నేను పక్కకు జరుగుతాను.