లిఫ్టు పిన్ని వారం సెలవు

కార్డ్‌లెస్ ఫోను రేంజి ఎంత దూరమో ఆమె లోకం అంత దూరం. కిందికైతే మెట్ల మలుపు దాకా, పైకైతే డాబా మీద నీళ్ళ ట్యాంకు దాకా. ట్యాంకు దాటి బట్టల తీగ రెండో కొసకు వెళ్తే ఫోనులో గరగర మొదలవుతుంది. అందుకని ఆ ఇంటి దుప్పట్లన్నీ తీగకు ఇవతలి కొసనే ఒకదాని మీద ఒకటి వేలాడి, సగం తడితోనే లోపలికి వచ్చేవి. వీధికి అవతల కూరగాయల కొట్టుంది. కొట్టువాడి మొహం ఆమెకు బాగా తెలుసు గానీ, కొట్టు లోపల ఏ మూల ఏముందో తెలియదు. మేడ మీదనుంచి కేకేస్తే అతనే తెచ్చి ఇచ్చిపోయేవాడు.

తీగ ఫోను ఉన్న రోజుల్లో ఇంకా అన్యాయం. భర్త ఇంట్లో ఉంటే తప్ప తలస్నానం కూడా కుదిరేది కాదు. కార్డ్‌లెస్ కొన్న రోజున ఆమె దాన్ని చేత్తో పట్టుకుని డాబా ఎక్కి చాలాసేపు ఊరికే నిలబడింది. ఇక తనకు కాళ్ళు వచ్చాయనుకుంది, పిచ్చి తల్లి. పాత ఫోను ఒక చోట కట్టేసేది. ఇది ఎక్కడికి వెళ్తే అక్కడికి వచ్చి మరీ కట్టేస్తుందని తెలియడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. మెడలో వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి కుట్టుకుంది. వంటగదిలో అది గిన్నెల్లోకి వంగి చూసేది. స్నానాల గదిలో తువ్వాలు పక్కన కొక్కేనికి వేలాడేది.

ఇంత కాపలా ఎందుకంటే, ఆమె భర్త లిఫ్టు మెకానిక్. చుట్టుపక్కల బిల్డింగుల్లో లిఫ్టులన్నీ ఆయనే చూస్తాడు. ప్రతి లిఫ్టులోనూ ఒక చిన్న ఫోను ఉంటుంది. దానికి అంకెలుండవు, ఒకటే బటను. లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలివాళ్ళు అది నొక్కుతారు, నొక్కితే మోగేది మెకానిక్ ఇంట్లో. పెద్ద కంపెనీలకైతే ఈ పనికో ఆఫీసూ, పగలు కొందరూ రాత్రి కొందరూ మనుషులూ ఉంటారు. మెకానిక్ గారి ఆఫీసూ, పగటివాళ్ళూ, రాత్రివాళ్ళూ అన్నీ ఆమె ఒక్కతే. జీతం సంగతి అడక్కండి.

ఫోను రాగానే ముందు ఏ బిల్డింగో అడగాలి. ఆ రోజు ఆయన ఎక్కడ పనిచేస్తున్నాడో అక్కడి వాచ్‌మన్‌కి ఫోను చేసి ఆయన్ని బయల్దేరదీయాలి. తరవాత మళ్ళీ లిఫ్టులోకి తనే ఫోను చేసి, ఆయన చేరేదాకా లోపలి మనిషిని కాచుకోవాలి. అన్ని నంబర్లూ ఆమెకు నోటికి వచ్చు. మొదటి రెండూ సులువే. మూడోదే ఆమె ప్రాణం తోడేసింది. ఇరుక్కున్న పిల్లాడి చేత ఎక్కాలు చెప్పించింది. ఒక పెద్దాయన కోడలి మీద చెప్పిన చాడీలన్నీ ఊ కొడుతూ వింది. ఒకావిడ అసలేమీ మాట్లాడకుండా ఏడుస్తుంటే, ఏడవడం అయ్యేదాకా ఆగింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, చీకటి పెట్టెలో కూర్చున్నవాడికి మరీ లోకువ. అందరూ ఆమెను లిఫ్టు పిన్ని అనేవారు. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా.

"కూర్చుని కబుర్లు చెప్పడమేగా నీ పని" అనేవాడు మెకానిక్, చేతుల గ్రీజు కడుక్కుంటూ. "లిఫ్టును లాగే చెయిన్ బ్లాక్ ఎత్తి చూడు, ఎంత బరువో తెలుస్తుంది." పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఆమెకు జవాబు చెప్పే ఓపిక కూడా ఉండేది కాదు. అలసట అంటే కాళ్ళు పీకడమో నడుం పట్టేయడమో అయితే చెప్పుకోవచ్చు. ఎప్పుడు మోగుతుందో అని వినీ వినీ అలిసిపోయానంటే ఎవరు నమ్ముతారు? మోగనప్పుడే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉండేది.

ఇలా ఉండగా అక్కకు కంటి ఆపరేషన్ అయింది. అక్క ఉండేది రైల్లో పూట ప్రయాణమంత దూరంలో. "వచ్చి ఒక్క వారం చుక్కల మందు వెయ్యవే, నాకింకెవరున్నారు" అని ఫోను చేసింది. చెల్లెలికి వెళ్ళాలని ఎంత ఉందంటే, అది అక్క కంటి కోసమా తన నిద్ర కోసమా అని తనకే సిగ్గేసింది.

ఆ రాత్రి భర్తతో ఒకటే మాట అంది. "నేను వెళ్తున్నానండీ. మీరేం చేసుకుంటారో చేసుకోండి."

ఆయన అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. పోట్లాడితే సర్దిచెప్పేవాడే. ఆమె పోట్లాడలేదు. మర్నాడు వెళ్ళి ఆన్సరింగ్ మెషీను కొనుక్కొచ్చాడు. ఎవరూ ఫోను ఎత్తకపోతే అదే ఎత్తి, మనం ముందుగా చెప్పి ఉంచింది చెప్పి, అవతలివాళ్ళు చెప్పింది దాచుకుంటుంది. బయటనుంచి ఇంటికి ఫోను చేసి కొన్ని అంకెలు నొక్కితే దాచుకున్నదంతా వినిపిస్తుంది. ఆయన పనుల మధ్య మాటిమాటికీ ఏదో ఒక బిల్డింగులోంచి ఫోను చేసి వింటాడు, ఎవరైనా ఇరుక్కుని ఉంటే పరిగెత్తుతాడు. అదీ ఏర్పాటు.

"ఇక నీ గొంతు దీంట్లో పెట్టు" అన్నాడు. "రోజూ చెప్పేదే చెప్పు."

"రోజూ ఒకటే చెప్పనండీ. మనిషిని బట్టి చెప్తాను."

"అయితే అందరికీ పనికొచ్చేది చెప్పు."

అందరికీ పనికొచ్చేది ఏమిటో ఆమెకు తోచలేదు. పిల్లాడికి చెప్పేది పెద్దాయనకు పనికిరాదు. నాలుగైదు సార్లు మొదలుపెట్టి ఆపేసింది. మెషీను కూడా ఓర్పులేని మనిషిలా మాట మధ్యలోనే కూత పెట్టి కోసేసేది. ఆఖరికి ఇలా కుదిరింది: "భయపడకండి. లిఫ్టు కింద పడదు. గాలి వస్తూనే ఉంటుంది. తలుపు బలవంతంగా తీయకండి, కింద కూర్చోండి. ఏ బిల్డింగో చెప్పండి. మా ఆయన బయల్దేరి వచ్చేస్తారు." విని చూసుకుంటే ఆ గొంతు ఎవరో ముసలావిడది. తనదేనని ఒప్పుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

మర్నాడు మెడలో సంచి లేకుండా వీధిలోకి దిగింది. కూరగాయల కొట్టువాడు తూకం ఆపి మరీ చూశాడు.

అక్క ఇంట్లో మొదటి రెండు రోజులూ నిద్ర పట్టలేదు. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోకి చెవులు రిక్కించి పడుకునేది, లేని ఫోను కోసం. పక్కింటి సైకిల్ గంటకు లేచి కూర్చునేది. పగలు అక్క కంట్లో మందు చుక్కలు వేసి, ఆవిడ కాస్త కునుకు తీయగానే మంచం పక్కనున్న ఫోనులో ఇంటికి చేసి మెషీను వినేది.

"ఇంత దూరం వచ్చి ఆ దిక్కుమాలిన ఫోనే వింటావుటే?" అనేది అక్క, ఒక కంటికి కట్టుతో. "నీ మొగుడు వింటాడుగా."

"ఊరికే, అక్కా."

ఊరికే ఏం కాదు. ఎవరైనా ఏడ్చారేమోనని వినేది. ఎవరూ ఏడవలేదు. మెషీను దగ్గర ఏడ్చేవాళ్ళుండరు. బిల్డింగు పేరు చెప్పి పెట్టేస్తున్నారు. తన పని ఇంత తేలిగ్గా మెషీను చేసేస్తుందా అని ఆమెకు నొప్పి అనిపించింది. ఆ నొప్పి తగ్గాక, అయితే పోనీ అనిపించింది. ఆ పోనీ అన్నదానిలో కొంత సుఖముంది.

మూడో రోజు మధ్యాహ్నం అలాగే ఫోను చేసింది. మెషీను కూత పెట్టింది. తరవాత ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు. మాట లేదు. మళ్ళీ కూత, మళ్ళీ అదే ఊపిరి. మూడోసారి గొంతు వచ్చింది.

"నేనేనే. కొత్త బిల్డింగు లిఫ్టులో ఉన్నా. కరెంటు పోయింది." కొంచెం ఆగి, "మా ఆయన వచ్చేస్తారంటున్నావు. ఎవరే వచ్చేది?"

ఆమెకు నవ్వు వచ్చింది, వెంటనే భయం వేసింది. ఆ బటను నొక్కితే మోగేది ఒకటే ఇల్లు. ఆ ఇంట్లో మెషీను. ఆ మెషీను వినేవాడు లిఫ్టులో. కుడితిలో పడ్డ ఎలుకలా తన ఏర్పాటులో తనే పడ్డాడు మహానుభావుడు. కొత్త బిల్డింగు పై అంతస్తుల్లో ఇంకా ఎవరూ చేరలేదు, అరిచినా వినేవాళ్ళుంటారో లేదో.

ముందు వాచ్‌మన్ గదికి ఫోను చేసింది. అతని భార్య ఎత్తింది.

"అయ్యో పిన్నీ, మా ఆయన లిఫ్టు తలుపు దగ్గర బాబాయితో మాట్లాడి ఇప్పుడే వచ్చాడు. పైన మోటారు గదిలోకెళ్ళి చేత్తో చక్రం తిప్పితే దించెయ్యొచ్చంట. కానీ ఆ గది తాళంచెవి బాబాయి జేబులోనే ఉందంట."

"ఆయన జేబులోనా!"

"రెండోది ఓనర్ దగ్గరుంది. తేవడానికి మనిషి వెళ్ళాడు. గంట పట్టుద్దేమో పిన్నీ."

ప్రాణానికి భయం లేదని తేలింది. ఆమె గుండె దిటవు చేసుకుని లిఫ్టులోకి ఫోను చేసింది. ఒక్క మోతకే ఎత్తాడు.

"ఎవరూ?" అన్నాడు. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు కంచు గొంతు ఒకటే ఉందనుకుంది.

"నేనేనండీ. తాళంచెవికి మనిషి వెళ్ళాడట. కూర్చున్నారా?"

"కూర్చున్నా. చీకటిగా ఉందే. ఇంత చీకటిగా ఉంటుందని నాకు తెలీదు. నేనెప్పుడూ బయటివైపేగా ఉండేది."

ఆమెకు జాలి వేసింది. కోపం కూడా వచ్చింది. ఇన్నాళ్ళకా, అనుకుంది. కానీ ఇరుక్కున్న మనిషి మీద కోపం చూపించే అలవాటు ఆమెకు లేదు.

"ఏమైనా చెప్పండి" అంది. "ఏదైనా సరే, చెప్తూ ఉండండి. నేను వింటాను."

ఆయన ముందు ఉదయం కాచుకున్న టీ మాడిపోయిన సంగతి చెప్పాడు. టీ ఎలా మాడుతుందని ఆమె అడగలేదు. చిన్నప్పుడు ధాన్యం గాదెలో దాక్కుంటే పైన మూత పడిపోయిందనీ, అప్పటినుంచీ తలుపు మూసిన గదిలో పడుకోలేడనీ, అందుకే పడకగది తలుపు ఎప్పుడూ ఓరగా ఉంచమంటాడనీ చెప్పాడు. ఫోను మోత వినపడటానికనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. మెల్లమెల్లగా ఆయన మాట తీరు కుదుటపడింది. ఒకదాన్నుంచి ఒకటి వస్తూనే ఉంది. ఆమె అక్క మంచం మీద గోడకు ఆనుకుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఊ కొడుతోంది. ఫ్యాను తిరుగుతోంది. చెవులు రిక్కించడానికి ఇక ఏమీ మిగల్లేదు. వినాల్సిన మోత మోగేసింది, వినాల్సిన గొంతు చెవిలోనే ఉంది. ఊ కొట్టడం దూరందూరంగా పడి, ఆగిపోయింది.

"ఏమే," అన్నాడు ఆయన. "ఉన్నావా? ఏమే!"

పక్కన పడుకున్న అక్కకు ఆ కేక వినపడింది. తడుముకుంటూ లేచి, చెల్లెలి చెవి దగ్గరే మొహం పెట్టి ఫోనులోకి గుసగుసగా అంది. "మరిదీ, నిద్రపోయింది. వచ్చిన కాడినుంచీ కునుకు పట్టింది ఇప్పుడే. లేపనా?"

ఆయన ఇంకా లిఫ్టులోనే ఉన్నాడు, ఇంకా చీకటిగానే ఉంది. తాళంచెవి రావడానికి చాలా టైముంది.

"వద్దు వదినా, లేపొద్దు. పడుకోనీ" అన్నాడు గొంతు తగ్గించి. "ఫోను మాత్రం దాని చెవి దగ్గరనుంచి తియ్యకు. అక్కడే ఉండనీ."