అవుటర్‌లో ఆగని రైలు

మా కూలికి విలువ కట్టేది సేఠ్ అనుకునేవాడు ఉత్త అమాయకుడు. సూరత్‌లో ఆ విలువ కట్టేది ప్యాసింజర్ రైలు పాసు. మా ఇల్లు భేస్తాన్‌లో, నేను సాంచెలు నడిపే కార్ఖానా కిమ్‌లో. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. ఇంటి దగ్గరి కార్ఖానాల కన్నా కిమ్ సేఠ్ మీటరుకు కొంచెం ఎక్కువిచ్చేవాడు. పాసు చవక కాబట్టి ఆ ఎక్కువ ఇంటిదాకా చేరేది. ఆటోల్లో తిరిగి ఉంటే దారిలోనే హారతి కర్పూరమయ్యేది.

సాయంత్రం తిరుగు రైలు ఏదైనా సరే, భేస్తాన్‌కు ముందు అవుటర్ సిగ్నల్ దగ్గర ఆగాల్సిందే. ముందు లైను ఖాళీగా ఉంటే కదా! మా వాడ అక్కడ పట్టాల పక్కనే. అందుకే బ్రేకు చప్పుడు వినపడగానే, రైలు పూర్తిగా ఆగకముందే కాలు కిందికి దించేవాళ్లం. స్టేషన్‌దాకా పోయి వెనక్కి నడిచొచ్చేవాణ్ణి చూసి నవ్వేవాళ్లం. నా వెనకాల ఎప్పుడూ నా బామ్మర్ది దిగేవాడు. మా ఆవిడ తమ్ముడు. ఊరి నుంచి పిలిపించి, పని నేర్పి, నా పక్క సాంచెల మీద నిలబెట్టింది నేనే.

కరోనా వచ్చి రైళ్లూ ఆగాయి, సాంచెలూ ఆగాయి. కొన్ని నెలలకు సేఠ్‌కు మేము గుర్తొచ్చాం గానీ ప్యాసింజర్ మాత్రం రాలేదు. రేపు రాకపోతే నీ సాంచెలు ఇంకొకడికిస్తానని ఫోన్ చేశాడు. పొద్దున ఏదో టెంపోలో పడి పోయాం. సాయంత్రానికి దిక్కు ఒక్క స్పెషల్ రైలు. కిమ్ తర్వాత సూరత్, సూరత్ తర్వాత నవసారి. భేస్తాన్‌లో ఆగదు. సూరత్‌లో దిగితే ఆటోవాడు ఆ రోజు కూలి గుంజుకుంటాడు.

"అవుటర్ల దిగుదాం బావా. గాడ ఎట్లైనా ఆగుతది," అన్నాడు బామ్మర్ది.

"ఆగక యాడికి పోతది?" అన్నాను నేను.

ఇద్దరం తలుపు దగ్గర నిలబడ్డాం. భేస్తాన్‌కు ముందొచ్చే ఉధనా దాటింది. బ్రేకు చప్పుడైంది, వేగం తగ్గింది. కాలు దించాను. దేశంలో రైళ్లే లేవు, ముందు ఏ రైలుందని ఆగుతుంది? లైను ఖాళీ, అంతలోనే సిగ్నల్ పచ్చయింది. రైలు ఒక్కసారిగా ముందుకు గుంజుకుంది. నా చెయ్యి జారింది, పాదం చక్రం కిందికి పోయింది. తలుపులోనే ఉండిపోయిన బామ్మర్ది "బావా!" అని అరిచాడు. ఆ అరుపు కూడా రైలుతోపాటు నవసారి పోయింది.

ఆసుపత్రిలో కరోనా పరీక్ష అయ్యేదాకా నన్నెవరూ ముట్టుకోలేదు. మా ఆవిడను గేటు దగ్గరే ఆపేశారు. పాదం తీసేశాక ఫోన్ చేతికొస్తే, మొదట సేఠ్‌కే చేశాను. నా సాంచెలు ఎవరికీ ఇవ్వొద్దని బతిమాలుకుందామని.

"కోయీ బాత్ నహీ. తేరా సాలా హై నా," అన్నాడు. ఏం పర్వాలేదు, నీ బామ్మర్ది ఉన్నాడుగా అని! వెనకాల సాంచెలు ఆడుతున్నాయి. అందులో ఒకటి మధ్యమధ్య తడబడి కొడుతోంది. అది నాదే.

ఇంటికొచ్చాక కడుపు మండి మా ఆవిడనడిగాను. "నా కాలు తెగిన తెల్లారే కార్ఖానకు పోయిండా వాడు?"

"పోక? ఇద్దరు ఇంట్ల గూసుంటే పొయ్యి ఎట్ల ముట్టుతది? నేనే పొమ్మన్న," అంది, మొహం కూడా తిప్పుకోకుండా.

లేచి బయటికి పోవాలనిపించింది. పోవడానికి కాలు ఏదీ?

సేఠ్ మహా దయగలవాడు. నాకు కండెలు చుట్టే పని ఇచ్చాడు. సాంచెలకు దారం చుట్టిపెట్టే పని అది, మా వాడలో ముసలమ్మలు చేస్తారు. నేను ఇంట్లో కూర్చుని చుడతాను. బామ్మర్ది వాటిని పట్టుకుపోయి నా సాంచెల మీద నేస్తాడు.

ప్యాసింజర్ మళ్లీ వచ్చింది. పాసులొచ్చాయి, జనమొచ్చారు, లైను నిండిపోయింది. సాయంత్రం రైలు అవుటర్‌లో మునుపటిలాగే తీరిగ్గా ఆగుతోంది. ఆ బ్రేకు చప్పుడు మా వాకిట్లోకి వినపడుతుంది. లేని పాదం ఇప్పటికీ కిందికి దిగబోతుంది. బామ్మర్ది మాత్రం ఇప్పుడు అక్కడ దిగడు. బుద్ధిగా స్టేషన్‌దాకా కూర్చుని, నడిచొచ్చి, దారం సంచి నా ముందు పడేస్తాడు.

"సచ్చిన రైలు బావా! ఇయ్యాల గూడ అవుటర్ల అర్ధగంట నిలవెట్టిండు," అంటాడు.

మా ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి ముందు వాడికిస్తుంది.