సూర్యుడి మీద మచ్చ

ఎవరు మంచినీళ్ళిచ్చినా ఆమె వెంటనే తాగదు. గ్లాసును వెలుతురుకు ఎత్తి, కాస్త తిప్పి, ఎడమకంటితో చూస్తుంది. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో ఇరవై ఆరేళ్ళుగా అద్దాలు సానబట్టి, గీతలున్నాయేమో చూసి ముందు గదికి పంపే మనిషి. చెయ్యి తనంతట తనే లేస్తుంది.

"నీళ్ళకి కూడా పవరు చూస్తావా అక్కా?" అని చెల్లెలు నవ్వుతుంది.

సెలవు రోజున చెల్లెలి కూతురు బుల్లి వస్తుంది. పదేళ్ళ పిల్ల. పెద్దమ్మ అంతరిక్ష నౌక కథ చెబుతుంది. కథలో ఏది వస్తే అది ఇద్దరూ కూర్చుని చేస్తారు. నౌక సముద్రం అడుగున దాక్కుంటే, అట్టపెట్టెలో రెండు అద్దం ముక్కలు ఏటవాలుగా నిలబెట్టి, గోడ అవతలికి తొంగిచూసే గొట్టం. నౌక పైకి లేస్తే, బెలూనూ దారమూ.

"కథ వినేసి ఊరుకుంటే ఎలా? చేతులేం పాపం చేశాయి?" అంటుంది పెద్దమ్మ.

ఆ వారం కథలో నౌక దారి తప్పింది. కెప్టెను సూర్యుడి మీద మచ్చలు లెక్కపెట్టి దారి పట్టుకున్నాడు.

"మనమూ చూద్దాం పెద్దమ్మా."

"ఉత్త కళ్ళతోనా? అమ్మో!"

దుకాణంలో పక్కన పడేసిన నల్లద్దాలు తెచ్చింది. అట్టకు కన్నం చేసి ఒకటి పెట్టి చూసింది. రెండు పెట్టింది. మూడు పెట్టేసరికి సూర్యుడు చల్లబడ్డాడు. పది లెక్కపెట్టేలోగా దించెయ్యాలని చెప్పి అట్ట బుల్లికిచ్చింది.

"బాగా మెరుస్తోంది పెద్దమ్మా."

"సూర్యుడన్నాక మెరవడా? లెక్కపెట్టు."

బుల్లి పైకే లెక్కపెట్టింది. పదికి దించింది. మళ్ళీ చూసింది, మళ్ళీ పదికి దించింది. మూడోసారి ఎగిరి గంతేసింది.

"మచ్చ కనపడింది! నడిమధ్యలో!"

ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం బుల్లి పుస్తకం తెరిస్తే మచ్చ పుస్తకంలో ఉంది. గోడ మీద ఉంది. అమ్మ ముఖం మీద, ముక్కు ఉండాల్సిన చోట ఉంది.

కళ్ళ డాక్టరు ఆ అట్టను చాలాసేపు తిప్పి చూసింది.

"ఎన్ని నల్లద్దాలు పెట్టినా సూర్యుడి ముందు పనికిరావు. అందులోనూ ఇవి పల్చనివి. చూపు కొన్ని నెలల్లో తేరుకోవచ్చు. కొంచెం మచ్చ ఉండిపోనూవచ్చు. ఈ వెలుతురు ఫరవాలేదని ఎవరికనిపించింది?"

"అక్క ముందు తనే చూసిందండీ, తనకేం కాలేదు," అంది చెల్లెలు. బుల్లి వైపు తిరిగింది. "పది లెక్కపెట్టమంటే వంద లెక్కపెట్టుంటావు. చెప్పిన మాట వింటే కదా నువ్వు!"

"పదే లెక్కపెట్టానమ్మా."

"నోర్ముయ్."

ఏడాదిగా పెద్దమ్మ ఎడమకంట్లో పొగ. వీధి దీపాలకు దూది చుట్టినట్టుంటుంది. దుకాణంలో గీతలను చూపుతో కాదు, బొటనవేలి గోటితో పట్టుకుంటోంది. ఓనరుకు తెలిస్తే వెనక గదిలోకి ఇంకొకరు వస్తారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. మూడద్దాలు చాలునని తేల్చింది ఆ కన్నే. మెరుస్తోందని పిల్ల చెప్పింది కూడా.

బుల్లి ఆమె వైపు చూసింది. సూటిగా కాదు, కాస్త పక్కకి. అలా చూస్తేనే ముఖం కనబడుతోంది.

"పెద్దమ్మా, పదే కదా?"

ఆమె మందుల చీటీ చదువుతున్నట్టు తల దించుకుంది.

మర్నాడు పొద్దున్నే చెల్లెలినీ బుల్లినీ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళింది. వెనక గదిలోకి పోలేదు. కొనేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుని, కుడికన్ను అరచేత్తో మూసుకుంది.

"ఇదేం వేషం అక్కా, గిరాకీ వచ్చే వేళ?" అన్నాడు ఓనరు.

ఎదురుగా గోడ మీద అక్షరాల పలక. మొదటి వరుస చదివింది. రెండోది తడుముకుంటూ చదివింది. పలకంతా ఆమెకు కంఠతా వచ్చు. అయినా మూడో వరుస దగ్గర ఆగింది.

"ఇక్కణ్ణుంచి నాకు కనపడదు. ఏడాదైంది," అంది.

అప్పుడు చెల్లెలి వైపు తిరిగింది.

"అది పదే లెక్కపెట్టింది. నేను విన్నాను."