చిన్నాయన తెరవొద్దన్న తలుపు

చదువుకున్న మనిషి ఒక్క మాటతో ఇంటెడు మందికి ఎంత కష్టం తెచ్చిపెట్టగలడో మీకు తెలియాలంటే నన్ను అడగండి. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక చిన్న ఇంట్లో, దినాలకని వచ్చిన బంధువులందరికీ నేను బాత్రూం లేకుండా చేశాను. పగలగొట్టి కాదు, కూలగొట్టి కాదు. కలగని.

ఆ కల కూడా నా సొంతం కాదు. ఫోన్‌లోని ఒక దయ్యాల ఆటలోంచి అరువు తెచ్చుకున్నది. అప్పటికి నాకు ముప్పై దాటాయి, అబిడ్స్‌లో ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఈ రెండు వివరాలూ దాచిపెడదామనే అనుకున్నాను. దాచితే మీరు నన్ను ఎవరో పసివాడనుకుని ఊరికే క్షమించేస్తారని చెబుతున్నాను.

పోయినవాడు మా చిన్నాయన. అబిడ్స్‌లో ఒక బట్టల షాపు మెట్ల కింద బల్ల వేసుకుని తాళాలు అమ్మేవాడు, మారు తాళంచెవులు చేసేవాడు. తాళంచెవి పోగొట్టుకుని గుమ్మం ముందు బిక్కమొహంతో నిలబడ్డ ఎంతమందినో వాళ్ల ఇళ్లలోకి వాళ్లను పంపించిన పుణ్యాత్ముడు. ఊరందరి తలుపులూ తెరిచిన ఆ మనిషి సొంత ఇంటి బాత్రూం గడియ మాత్రం పట్టేస్తూ ఉండేది. లోపలికి వెళ్లినవాళ్లు బయటికి రావాలంటే భుజంతో తోయాలి. చిన్నమ్మ అడిగినప్పుడల్లా "రేపు జూస్త" అనేవాడు. ఆ రేపు రాకముందే, ఒకరోజు బల్ల దగ్గరే కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

నాకు సైకిలు నేర్పింది ఆయన, పదో తరగతి తప్పినప్పుడు మా నాన్న చేతి కింది నుంచి నన్ను లాగేసింది ఆయన. అలాంటి మనిషి పోతే నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే నేను కుర్చీలు తెచ్చాను, షామియానా తాళ్లు బిగించాను, టీ గ్లాసులు కడిగాను. ఎక్కడా ఏడవలేక ఈ ఆట పట్టుకున్నాను. దాని సంగతి చాన్నాళ్ల కింద చిన్నాయన బిడ్డ కావ్యే నాకు చెప్పింది. తండ్రి సముద్రంలో పోయిన ఒక అమ్మాయి, నిద్రపోయినప్పుడల్లా ఒక పాడుబడ్డ ఇంట్లోకి వెళ్తుంది. ఆ ఇంట్లో తండ్రి ఎక్కడో ఉంటాడు, తడిబట్టలతో. ఆయన్ని వెతికి పట్టుకుని ఒక్కసారి సాగనంపాలి. ఈలోపు ఆమె దుఃఖమే రకరకాల ఆకారాలతో మీద పడుతుంటుంది. చేతిలో తుపాకీ ఉండదు, లాంతరు ఉంటుంది. లాంతర్లో నూనె ఉండదు. ఆటలో అంకాలకు 'నిద్ర' అని పేరు. నేను రెండో నిద్రలో ఇరుక్కుపోయాను. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఎడమ చేతివైపు తలుపు తెరవడం, ఏదో వచ్చి నన్ను మింగడం. చావు ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చచ్చిపోతూ ఉండేవాణ్ణి.

ఇలా ఆడి ఆడి పడుకున్నాక కల రాక ఏమొస్తుంది? ఆట ఇల్లే వచ్చింది, కాని అందులో తడిబట్టల తండ్రి స్థానంలో మా చిన్నాయన ఉన్నాడు. అదే బూడిదరంగు స్వెటరు, అదే చెవి మీద పెట్టుకున్న పెన్సిలు. ఎడమ చేతి తలుపు తెరవొద్దురా అన్నాడు. అంతే.

పొద్దున టీల దగ్గర మా సత్తెమ్మత్త పట్టుకుంది. చిన్నాయనకు అక్క, మా అందరికీ హైకోర్టు.

"ఏందిర రఘూ, నిద్రల తలుపు తలుపు అని గట్ల కలవరిస్తివి?"

ఇక్కడ నేను "ఏం లేదత్తా, గ్యాస్" అని ఉంటే ఈ కథ లేదు. ఫోన్‌లో దయ్యాల ఆట ఆడానని చెప్పినా ఒక్క తిట్టుతో పోయేది. కాని లెక్చరర్‌ని కదా, పరువు అడ్డం వచ్చింది. ఆట దాచిపెట్టి కల మాత్రం చెప్పాను.

"చిన్నాయన కనవడ్డడత్తా. ఎడమచేతి తలుపు తెరవకుండ్రి అన్నడు."

టీ గ్లాసులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఎన్నింటికి?"

"తెల్లారగట్ల."

అయిపోయింది. మా వైపు పోయినవాళ్లు దినం లోపల కలలోకి వచ్చి ఏదైనా అడిగితే ఆరునూరైనా చేసి తీరాల్సిందే. గొడుగు అడిగితే గొడుగు దానం, చెప్పులడిగితే చెప్పులు. అందులోనూ తెల్లవారుజాము కలంటే రిజిస్టర్డ్ పోస్టు. అత్త లేచి హాలు దాటి నడవాలో నిలబడింది. కుడివైపు చూసింది, వంటిల్లు. ఎడమవైపు చూసింది. మీకు అర్థమైపోయింది కదా. సరిగ్గా అదే సమయానికి మా యాదగిరి మామ, అంటే సత్తెమ్మత్త పెనిమిటి, భుజాన తువ్వాలతో ఆ ఎడమ తలుపు ముందు చెయ్యి చాపి ఉన్నాడు.

"ముట్టకు," అంది అత్త.

మామకు షుగరు. ఆయన ప్రయాణాలన్నీ బాత్రూం నుంచి బాత్రూంకు వేసుకునే మజిలీలు. ఆయన దీనంగా అన్నాడు: "రేపటి సంది పెట్టుకుందమే."

"సచ్చినోడు చెప్పినంక రేపేంది? బతుకంత తలుపులు తెరిచినోడు గీ ఒక్క తలుపు తెరవకుండ్రి అన్నడంటే ఊకెనే అంటడా?"

వాదనలో లోపం లేదు. నాకే ఒక్క క్షణం నిజమేనేమో అనిపించింది.

అప్పుడైనా చెప్పేసేవాణ్ణే. కాని చిన్నమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆమె చిన్నాయన పోయిన రోజు నుంచీ రెండు గుక్కల టీ తప్ప ఏమీ ముట్టలేదు. ఎవరు కలిపి పెట్టినా "తర్వాత తింట" అని పక్కన పెట్టేది. కావ్య పళ్లెం పట్టుకుని తల్లి వెనకాలే తిరిగి తిరిగి, చివరికి ఆ పళ్లెం ముందే కూర్చుని ఏడ్చేది.

"నన్నేమన్న అడిగిండా బిడ్డా?" అంది చిన్నమ్మ.

ఆ కళ్లలోకి చూస్తూ లేదని ఎవరు చెప్పగలరు? మీరైతే చెప్పేవారా?

"అడిగిండు చిన్నమ్మా."

"ఏమని?"

"తిన్నదా అని."

ఆమె నన్ను చాలాసేపు చూసింది. తర్వాత పీట లాక్కుని కూర్చుని పప్పన్నం కలుపుకుంది. గిన్నెలో సగం తింది. గుమ్మం దగ్గర కావ్య చున్నీ నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇక నా నోటికి తాళం పడింది. కల అబద్ధమంటే ఈ ముద్ద కూడా అబద్ధమవుతుంది. ఆమె తింటున్నంత కాలం ఆ తలుపు మూసి ఉండాల్సిందే.

ఉంది. ఆడవాళ్లు మేడమీది ఇంటివాళ్ల దయ మీద బతికారు. మగవాళ్లకు స్టేషనే దిక్కయింది. యాదగిరి మామ పూటపూటకీ ప్లాట్‌ఫాం టికెట్టు కొనుక్కుని వెళ్లి వస్తుంటే, అక్కడి టీ కొట్టాయన ఏ రైలుకు ఎదురుచూస్తున్నారని జాలిగా అడిగాడట. ఒక మధ్యాహ్నం ఎండకు తాళలేక మామ ఎవరూ చూడకుండా ఎడమ తలుపు మీద చెయ్యి వేశాడు. అత్త చూసింది. చూసి, చిన్నాయన పెట్టెలోంచి ఒక తాళం తెప్పించింది. అది ఆయన సొంతంగా విప్పి బిగించుకున్న తాళం, దాని చెవి తప్ప లోకంలో ఏదీ దాన్ని తెరవలేదని గొప్ప చెప్పుకునేవాడు. దాన్ని బాత్రూం తలుపుకు వేసి, చెవి నా చేతిలో పెట్టింది.

"చెవి ఇంట్ల ఉంటే గీయన ఊకోడు. పారే నీళ్లల ఇడిచిపెట్టి రా."

నేను అఫ్జల్‌గంజ్ బస్సెక్కాను. మూసీ వంతెన మీద నిలబడ్డాను. బుద్ధున్నవాడైతే చెవిని జేబులో వేసుకుని, పారేశానని చెప్పి, అవసరానికి వాడుకునేవాడు. నేను క్రమశిక్షణ గల మనిషిని. విసిరేశాను. బుద్ధి కూడా వచ్చింది గాని, అది చెవి నీళ్లలో పడ్డ చప్పుడు విన్నాక వచ్చింది.

దినానికి ముందు రోజు మామ తిరగబడ్డాడు. రేపు ఊరంతా వస్తుంది, వచ్చినవాళ్లందరినీ స్టేషన్‌కు తోలుకుపోదామా అన్నాడు. న్యాయమైన ప్రశ్నే కనుక అత్త కాసేపు ఆలోచించి తీర్పు మార్చింది.

"రఘూ, నువ్వు మల్లొకసారి పండుకో. మా తమ్ముణ్ని అడుగు, రేపటికి తెరవొచ్చునా అని."

"గట్టిగ అడుగు బిడ్డా," అన్నాడు మామ నా రెండు చేతులూ పట్టుకుని. "నా పేరు జెప్పి అడుగు."

అలా పట్టపగలు, అన్నాలయ్యాక, నన్ను లోపలి గదిలో చిన్నాయన మంచం మీద పడుకోబెట్టారు. కిటికీ మూశారు, దుప్పటి కప్పారు. నాకు నిద్ర రావాలని పొద్దుటి నుంచి మోగుతున్న భజనలు ఆపారు. తలుపు దగ్గరగా వేసి, అందరూ హాల్లో చిన్నాయన ఫొటో ముందు గుడ్లప్పగించి కూర్చున్నారు. పరీక్ష రాయబోయే పిల్లవాడికి కూడా అంత మర్యాద జరగదు.

నిద్ర ఎలాగూ రాదు. నా ఉపాయం నాకుంది. కాసేపాగి లేచి "తెరుచుకొమ్మన్నడు" అని చెప్పేస్తాను, మామ బతుకుతాడు, చిన్నమ్మ అన్నం మానదు. తాళం సంగతి ఎవరైనా చూసుకుంటారు. అబద్ధం ఆడటానికి కూడా కొంత సమయం గడపాలి కదా, వెంటనే లేస్తే నమ్మరు. ఊరికే పడుకుంటే ఏం తోచదు. దుప్పటి కింద ఫోన్ ఉంది.

అవును. అదే పని చేశాను.

చెవుల్లో వైర్లెస్ బుడిపెలు పెట్టుకుని ఆట తెరిచాను. శబ్దం రాలేదు. పెంచాను. ఇంకా పెంచాను. చివరి దాకా పెంచాక అప్పుడు వినిపించింది, నీటి చుక్కలు పడటం, తలుపు కిర్రుమనడం, ఎవరో మూలగడం. ఆహా, ఏం సౌండు, అచ్చం పక్క గదిలోంచి వస్తున్నట్టే ఉంది, అనుకున్నాను.

పక్క గదిలోంచే వస్తోంది. పొద్దున భజనలు పెట్టింది నా ఫోన్ నుంచే. హాల్లో ఫొటో పక్కనున్న బ్లూటూత్ స్పీకరుతో దాని స్నేహం ఇంకా తెగలేదు.

హాల్లో జరిగింది తర్వాత కావ్య చెప్పగా తెలిసింది. చిన్నాయన ఫొటో దగ్గర నీళ్లు కారిన చప్పుడు. దీపం ముందు ఒక దీర్ఘమైన మూలుగు. అత్త రెండు చేతులూ జోడించింది. అప్పుడు, గొంతులో సముద్రమంతా నింపుకున్న ఒక మగ గొంతు, "డోంట్ ఓపెన్ ది లెఫ్ట్ డోర్" అంది.

ముందుగా తేరుకున్నది సత్తెమ్మత్త.

"నాలుగో తరగతి సదివినోడు, ఇంగ్లీషుల మాట్లాడుతుండేంది?"

"పైకి పోయినంక నేర్చుకుండేమో," అన్నాడు మామ వణుకుతూ. "నువ్వు గూడ ఇంగ్లీషులనే అడుగు, బాత్రూం తెరవొచ్చునా అని."

కావ్య లేచి వచ్చి నా మీది దుప్పటి లాగేసింది. నా బొటనవేళ్లు ఫోన్ మీద, నా మొహం మీద ఆట వెలుగు. తెర మీద ఆ అమ్మాయి లాంతరు పట్టుకుని ఎడమ తలుపు ముందు నిలబడి ఉంది.

"అన్నా, ఇది రెండో నిద్ర గదనే," అంది కావ్య.

గది గుమ్మంలో అందరి మొహాలూ ఒకదాని మీద ఒకటి. ఇక చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాను. చెబుతూ అత్త చేతుల వైపే చూశాను, ఏ చెయ్యి ముందు లేస్తుందోనని. కాని అందరినీ తప్పించుకుని చిన్నమ్మ ముందుకొచ్చింది.

"తిన్నదా అని అడిగింది గూడ ఆటలదేనా?"

నాకు చావాలనిపించిన క్షణం ఏదంటే అదే. ఇన్నాళ్లూ ఆటలో చచ్చిన చావులన్నీ దాని ముందు దిగదుడుపే.

"కాదు చిన్నమ్మా. గా మాట నేనే కల్పించి చెప్పిన."

ఆమె మంచం అంచున కూర్చుంది. పెదవులు వణికాయి. అయిపోయింది, రేపటి నుంచి మళ్లీ పళ్లెం పక్కన పెడుతుంది అనుకున్నాను. అంతలో ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

"నాకు అప్పుడే తెలుసు. ఇన్నేండ్ల కాపురంల ఒక్కనాడన్న తిన్నవా అని అడిగినోడా ఆయన? ఏం వండినవ్ అని అడిగెటోడు."

"మరి తింటివి గదా?"

"నువ్వు అబద్ధమాడనీకి గంత తిప్పలవడ్తివి. నా కోసానికి నోరెండవెట్టుకొని నిలబడ్తివి. తినకుంటె బాగుంటదా?" కళ్లు తుడుచుకుంది. "తలుపు ముచ్చటనే నమ్మిన. గా గడియ పట్టేస్తదని, లోపట ఇరుక్కపోతమని, ఆయనకు బుగులుండె. గందుకే చెప్పిండనుకున్న."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. పదిరోజుల ఏడుపు ఒక్కసారి. అందరూ నవ్వుతుంటే నేను ఏడ్చాను, అప్పటిదాకా అంతా తలకిందులుగానే చేశాను కనుక ఇదీ అలాగే చేశాను. అత్త చెయ్యి లేచింది, నా వీపు మీద పడింది, నిమరటం మొదలుపెట్టింది. మధ్యలో రెండు దెబ్బలు కూడా వేసింది, లెక్క సరిపోవాలి కదా.

"చెవి?" అన్నాడు మామ. ఆయన బాధ ఆయనది.

"మూసీల ఉంది," అన్నాను ఎక్కిళ్ల మధ్య.

చిన్నమ్మ లేచింది. జడలోంచి పిన్ను తీసి, నోటితో దాని కొన వంచి, లోకంలో ఏదీ తెరవలేని ఆ తాళం ముందు కూర్చుంది. తన చెవిని తలుపుకు ఆనించి, కళ్లు మూసుకుని, ఒక్కసారి తిప్పింది. తాళం ఊడి ఒళ్లో పడింది. ఎట్లొచ్చిందని అడిగితే, "నేను అన్నం పెడ్తుంటెనే నేర్పిండు. ఎవ్వలకు జెప్పొద్దన్నడు" అంది, తాళాన్ని కొంగుతో తుడుస్తూ. మామ ఆ మాట వినలేదు. అప్పటికే లోపలికి దూరి గడియ పెట్టేసుకున్నాడు. ఆ గడియ పట్టేసింది, ఆయన్ని బయటికి తీయడానికి గంట పట్టింది.

అందుచేత పాఠకులారా, చిన్నాయన ఫొటో సాక్షిగా, యాదగిరి మామ మూత్రపిండాల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. చావు ఇంట్లో దయ్యాల ఆట ఆడను. ఆడినా నిద్రపోను. నిద్రపోయినా కలగనను. కలగన్నా సత్తెమ్మత్తకు చెప్పను. చిన్నాయన గనక నిజంగానే కనబడితే, ఆయన నోరు తెరవకముందే నేనే చెప్పేస్తాను: చిన్నమ్మ తింటోంది, గడియ బాగుచేయించాం, ఇవాళ వండింది వంకాయ కూర.