గోడలో పుస్తకాల అర

పక్కింటి శేఖరన్న మా రెండిళ్లకూ ఉమ్మడిగా ఉన్న గోడను మమ్మల్ని అడగకుండానే కోయిస్తున్నాడు. ఇది పచ్చి దౌర్జన్యం. ఆయనకు ఇంట్లోనే ఆఫీసు కావాలట, పుస్తకాల అర గోడలోకి ఇమిడిపోవాలట. మా మిద్దె దూలాలు ఆనింది ఆ గోడ మీదే.

ఈ మధ్యాహ్నం కోత మిషన్ మోగగానే అమ్మ నేస్తున్న చీర మీద పైనుంచి మట్టి రాలింది. అమ్మ కాళ్లు మగ్గం గుంతలో ఉన్నాయి. కప్పు కూలితే చప్పున లేవలేదు. పక్కింటికి పరుగెత్తాను.

"ఏం గాదు తమ్మీ, గింత పరేషానెందుకు? అరకు లైట్లు వెట్టినంక జూడు, ఎంత మంచిగుంటదో!"

"అన్నా, కప్పు మా అమ్మ మీద పడుతది!"

"గట్లయితే రెండు దినాలు మగ్గం బంద్ వెట్టుమను."

తిరిగొచ్చి అమ్మను లేవమన్నాను. "అంచు కాడ పోగు దెగుతది, జర ఆగు బిడ్డా" అంది. ఆగాను, గోడకు వీపు ఆనించి, నా వీపే కప్పును మోస్తుందన్నట్టు.

ఆయన ఆఫీసు అందంగానే ఉంటుందేమో. దాని కోసం మేం మట్టి కింద పోవాలా? మీరే చెప్పండి. మిషన్ రేపు మళ్లీ వస్తుంది. గద్వాలలో ఉన్నవాళ్లు పొద్దున ఏడింటికల్లా మా వాకిట్లోకి రండి. అప్పటికి అమ్మ మగ్గంలో కూర్చునే ఉంటుంది.